ఇరవై నిమిషాలకు కార్డు లేదు

మూడో అంతస్తు, రచయితల గది
ఫిబ్రవరి 9

అమ్మమ్మా,

ఫోన్ చేస్తే నీ చెవి మిషను కూస్తుంది. మెసేజ్ పెడితే "పూర్తి వాక్యం రాయడం చేతకానివాళ్ళతో నాకు పని లేదు" అంటావు. అందుకని ఇదిగో, కాగితం, కలం, పూర్తి వాక్యాలు. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపకు. పోయినసారి పంపావు.

సంగతేమిటంటే, నాకు సీరియల్ ఇచ్చారు. ఎవరో రాసిన డైలాగులకు ఇస్త్రీ చేసే పని కాదు, మొత్తం నాదే. పది భాగాల థ్రిల్లర్. నలుగురు ఆడవాళ్ళు, పాత స్నేహితులు, వాళ్ళ మధ్య ఒక రహస్యం. హీరో లేడు. ఆ మాట వినగానే చానల్ పెద్దాయన "పోలీసైనా మగాడేనా?" అని అడిగాడు. కాదన్నాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "సరే, ఒక్కసారి చూద్దాం" అన్నాడు. ఆ ఒక్కసారిని నేనే అమ్మమ్మా. ఇది పోయిందా, ఇంకో పదేళ్ళు ఈ గదిలో ఏ ఆడపిల్ల నోరు తెరిచినా "అప్పుడు చూశాంగా" అంటారు.

మా పని ఎలా ఉంటుందో నీకు చెప్పలేదు కదూ. గోడ మీద కార్డులు గుచ్చుతాం. ఒక్కో సీనుకు ఒక్కో కార్డు, మూలన టైము. ఏ నిమిషంలో ఎవరెక్కడ ఉన్నారో అందులో ఉండాలి. కార్డు లేని నిమిషం ఒక్కటి మిగిలినా, చూసేవాళ్ళు అందులోంచి జారి పక్క చానల్‌లో పడతారంటుంది మా ఎడిటరు.

చిక్కల్లా రహస్యం దగ్గరే. శవం, గొయ్యి, ఒట్లు, అన్నీ పెట్టాను. ఏదీ కుదరలేదు. మొదటి భాగం ఈ ఉత్తరంతో పంపుతున్నాను, చదివి చెప్పు. ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశావు. మీరంతా ఒకరినొకరు సబ్జెక్టు పేరుతో పిలుచుకునేవాళ్ళు. లెక్కల టీచరు మన గుమ్మంలో నిలబడి "కెమిస్ట్రీ ఉందా ఇంట్లో?" అని అడగడం నాకింకా గుర్తే. నాకు కావలసింది అలాంటి స్నేహం.

నీ ప్రశ్నార్థకం


వెనక గది, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 17

చిరంజీవి ప్రశ్నార్థకానికి,

ఆశీస్సులు. ఊరికే వచ్చేవి కాబట్టి ముందే ఇచ్చేస్తున్నాను. నేను క్షేమమని రాస్తే నా మోకాళ్ళు ఒప్పుకోవు.

నీ మొదటి భాగం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది మొదటిసారి నా కళ్ళను నమ్మలేక. నలుగురు ఆడవాళ్ళు కలిసి గొయ్యి తవ్వారు. ఒక్కరికీ నడుం పట్టలేదు. ఒక్కరూ "నువ్వు తవ్విందెంత, నేను తవ్విందెంత?" అనలేదు. వాళ్ళు స్నేహితులని నన్నెలా నమ్మమంటావు?

తరవాత చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు. నిజంగా దాచుకునేవాళ్ళు ఒట్టు పెట్టుకోరే పిచ్చిదానా. ఒట్టు పెట్టాలంటే దాని పేరెత్తాలి. పేరెత్తరు. అదే ఒట్టు. కలుసుకున్నప్పుడల్లా నీ వాళ్ళు గుసగుసలాడుతూ ఉంటారు. ఆడరు. మోకాళ్ళ గురించీ కోడళ్ళ గురించీ గొంతెత్తి మాట్లాడుకుంటారు. ఒకరి పుట్టినరోజు ఒకరు మరవరు. చూసేవాళ్ళు ఎంత ప్రేమో అనుకుంటారు. అది హాజరు పట్టీ. అందరూ ఉన్నారా, అందరూ నోరు మూసుకునే ఉన్నారా అని.

భయంతో విడిపోతారని రాశావు. భయం మనుషుల్ని కలిపే ఉంచుతుంది. విడదీసేది విసుగు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖంలో నీ ముఖం కనబడుతూ ఉంటే ఎన్నాళ్ళు టీ తాగుతావు?

ఇంకొకటి. ఘోరం జరగగానే నీ నలుగురూ బావురుమన్నారు. ఏడుపు తీరిక ఉన్నప్పటి పని. ముందు చెంచా ఎక్కడ పెట్టాలో చూసుకుంటారు.

గొయ్యి కొట్టెయ్యి. ఎత్తుమడమల చెప్పులతో తవ్వించిన పాపం నీకెందుకు?

అమ్మమ్మ


మూడో అంతస్తు
ఫిబ్రవరి 26

అమ్మమ్మా,

నీ ఉత్తరం గదిలో పైకి చదివాను. ఎడిటరు "ఈవిడని జీతం మీద పెట్టుకుందామా?" అంది. "హాజరు పట్టీ" అన్న మాట కార్డు మీద రాసి గోడకు నడిమధ్యన గుచ్చాం. గొయ్యి పోయింది. నలుగురూ ఇప్పుడు మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు.

కానీ ఒక మాట దగ్గర ఆగిపోయాను. చెంచా. నేను రాసిన భాగంలో చెంచా లేదు. గొయ్యి ఉంది, పార ఉంది, దుప్పటి ఉంది. చెంచా నీది.

ఏ చెంచా అమ్మమ్మా?

చెప్పడం ఇష్టం లేకపోతే లేదను, ఊరుకుంటాను. ఊరుకోనని నీకూ తెలుసు. మార్చి ఆఖరికి కథ మొత్తం చానల్ వాళ్ళ ముందు పెట్టాలి. నా దగ్గర నలుగురు బతికున్న ఆడవాళ్ళున్నారు, వాళ్ళు ఏం చేశారో మాత్రం లేదు.

నీ ప్రశ్నార్థకం


వెనక గది
మార్చి 8

చిరంజీవికి,

నిన్ను మూడో ఏట "ఎందుకు?" అన్నప్పుడల్లా మెచ్చుకున్న పాపం ఇప్పుడు అనుభవిస్తున్నాను.

కథ చెబుతాను. కథే. కథలానే చదువు.

ఒక బడి, దాని చివర కెమిస్ట్రీ ల్యాబ్. స్టాఫ్ రూములో టీ కాచుకోకూడదని ప్రిన్సిపాలమ్మ హుకుం. ల్యాబులో బర్నరు ఉంది, బీకరు ఉంది, శుక్రవారం నాలుగో పీరియడ్ ఖాళీ ఉంది. ఇంకేం కావాలి? కెమిస్ట్రీ, లెక్కలు, డ్రిల్లు, ఆ ఏడే కొత్తగా చేరిన డ్రాయింగు. డ్రాయింగుకు ఇరవై నాలుగేళ్ళు. వేళ్ళకెప్పుడూ రంగు అంటుకునే ఉండేది. పాలు తేవడం కుదరదు కనక నిమ్మకాయ టీ. చక్కెర దాచడమే కష్టం. ప్రిన్సిపాలమ్మ బీరువాలు వెతికే రకం. అందుకని కెమిస్ట్రీకి ఒక తెలివైన ఆలోచన వచ్చింది. చక్కెరను ఒక సీసాలో పోసి, దానిమీద "ఆక్సాలిక్ యాసిడ్" అని లేబుల్ అంటించి, పై అరలో చివరన పెట్టింది. ఆ పేరు చూసి ఎవరూ చెయ్యి పెట్టరు. రెండూ తెల్లని పలుకులే. అందరూ పడీ పడీ నవ్వారు. మూడేళ్ళు నవ్వారు, ఆఖరి ఏడు డ్రాయింగు కూడా.

సీసా సగానికి దిగకముందే కెమిస్ట్రీ ప్రతి సోమవారం ఇంటినుంచి చక్కెర తెచ్చి నింపేది. ఒక వారం జ్వరమొచ్చి బడికి రాలేదు. సీసా అడుక్కి దిగింది. ఆ తరవాతి వారం ప్రాక్టికల్స్. పరీక్షలకు ముందు సగానికి తగ్గిన సీసాలన్నీ నింపాలని ల్యాబులో నియమం. ఆ సీసా కూడా నిండింది. లేబుల్ మీద ఏముందో దానితో. మిగతా వాళ్ళెవరో చక్కెర తెచ్చి పోశారనుకుంది కెమిస్ట్రీ.

శుక్రవారం టీ కాచారు. కెమిస్ట్రీ చక్కెర వేసుకోదు. లెక్కలుకు టీ చల్లారితే గానీ పనికిరాదు. డ్రిల్లు ఇంకా రాలేదు. డ్రాయింగు నిండుగా మూడు చెంచాలు వేసుకుని, పై అంతస్తులో క్లాసుకు బెల్లు కొడితే గటగటా తాగేసి, "ఇవాళ నిమ్మకాయలు ఊరికే వచ్చాయా టీచర్, ఇంత పులుపు!" అని నవ్వుకుంటూ వెళ్ళింది. క్లాసులో పడిపోయింది. మర్నాడు ఆసుపత్రిలో పోయింది.

అంతే. ఎవరూ కావాలని చేసింది కాదు. ఇది వాడుకో. బడిని ఇంకేదైనా చెయ్యి. డ్రాయింగును మాత్రం మంచిదానిగా రాయి. మంచిదే.

అమ్మమ్మ


మూడో అంతస్తు
ఏప్రిల్ 14

అమ్మమ్మా,

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం పనే. నమ్ము.

కథ ఒప్పుకున్నారు. చక్కెర సీసా విని పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. కానీ రెండు మార్పులు అడిగాడు. మొదటిది, పొరపాటున చావు కుదరదట. "ప్రమాదానికి ఎవరు పది వారాలు కూర్చుంటారు?" అన్నాడు. అందుకని మా కథలో డ్రాయింగు టీచరుకు మిగతా వాళ్ళ గుట్టు ఒకటి తెలుసు, బెదిరిస్తూ ఉంటుంది, వాళ్ళు కావాలనే సీసా మారుస్తారు. నాకిది నచ్చలేదు. అయినా సరేనన్నాను.

రెండోది పెద్దాయన అడిగింది కాదు. గోడ అడిగింది. నీ కథను కార్డులుగా పెట్టాం. "సీసా నింపారు" దగ్గర కార్డు ఉంది, మనిషి లేదు. నీ వాక్యం మళ్ళీ చూశాను. "సీసా కూడా నిండింది" అని రాశావు. సీసాలు వాటంతటవే నిండవని నాకు నేర్పింది నువ్వే. "ఎవరు?" అని మార్జిన్లో ఎర్రసిరాతో రాసేదానివి.

తరవాతిది ఇంకా పెద్దది. మా కార్డుల్లో బెల్లు పన్నెండు ఐదుకు. డ్రాయింగు పడిపోయింది పన్నెండున్నరకు అనుకుందాం. లెక్కల టీచరు టీ చల్లారాక తాగేది అన్నావు. చల్లారడానికి ఐదు నిమిషాలు. అంటే పన్నెండు పదికి ఆవిడ నోట్లో ఆ పులుపు తగిలి ఉండాలి. మీ ఇద్దరికీ, అదే, వాళ్ళిద్దరికీ అప్పుడే తెలిసి ఉండాలి. పన్నెండు పది నుంచి పన్నెండున్నర దాకా గోడ మీద ఏమీ లేదు. ఇరవై నిమిషాలకు కార్డు లేదు.

వాళ్ళు ఏం చేశారు అమ్మమ్మా?

నీ ప్రశ్నార్థకం


వెనక గది
ఏప్రిల్ 22

నీకు,

ఆ పిల్లను ఒకసారి మేము చంపాం. రెండోసారి నువ్వు చంపావు. మేము చంపినప్పుడు కనీసం మంచిదానిగా పోయింది. నువ్వు బెదిరింపులకోరును చేసి మరీ చంపావు. అదీ పది వారాల పాటు, మధ్యలో సబ్బుల ప్రకటనలతో.

నాలుగు రోజులు ఈ కోపంతో నీకు ఉత్తరాలు రాసి చించాను. ఐదో రోజు తెలిసింది, కోపం దేనిమీదో. నీ గోడ మీద. నలభై ఒక్క ఏళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న ఒక అట్టముక్కలు గుచ్చిన గోడ అడిగింది. పోలీసులు అడగలేదు. చదువుకున్న టీచర్లు కదా, అబద్ధం చెప్పరని.

రాస్తున్నాను. ఇది కథ కాదు.

లెక్కలు ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఏమే, ఇది చక్కెర కాదే" అంది. నేను సీసా దించి వేలితో అద్ది నాలుకకు తగిలించుకున్నాను. తెలిసిపోయింది. అప్పుడే డ్రిల్లు లోపలికొచ్చింది. పన్నెండు పది అన్నావు. పన్నెండు పన్నెండు. గడియారం చూశాను.

ఆ విషానికి మొదట చెయ్యవలసింది ఏమిటో తెలుసా? సుద్ద నీళ్ళలో కలిపి తాగించడం. మా పాఠంలోనే ఉంది, ప్రతి ఏడూ నేనే చెప్పేదాన్ని. బడి నిండా ఉన్నది సుద్దముక్కలే. ఆ పిల్ల ఉన్న గదిలో నల్లబల్ల కింద డబ్బాడు ఉన్నాయి. మెట్లెక్కి పరిగెత్తితే రెండు నిమిషాలు. బతికేదా? తెలియదు. తెలుసుకోలేదు.

"ముందు గ్లాసులు" అంది లెక్కలు. మేము ముందు గ్లాసులు కడిగాం. డ్రిల్లు తలుపు దగ్గర కాపలా నిలబడింది. లెక్కలు గ్లాసులూ బీకరూ కడిగి, తుడిచి, బోర్లించింది. చెంచా నేను జేబురుమాలులో చుట్టాను. తరవాత సీసా లేబుల్ తడిపి ఊడదీసి, "చక్కెర" అని కొత్తది రాసి అంటించాను. బంక ఆరకముందే పైనుంచి పిల్లలు కేకలు వేశారు.

"పాపం కళ్ళు తిరిగినట్టున్నాయి" అంటూ మేము కూడా అందరితో పాటు పరిగెత్తాం.

ఇక సీసా నింపిందెవరు? ల్యాబ్ అటెండరమ్మ. ముప్ఫై ఏళ్ళ మనిషి, మొగుడు పోయాక ఒక కూతురితో ఆ పనిలో చేరింది. అప్పుడు అక్షరం ముక్క రాదు. రెండేళ్ళు రోజూ సాయంత్రం అరగంట కూర్చోబెట్టి నేనే నేర్పాను, సీసాల లేబుళ్ళ మీదే. తప్పు చదివితే ఊరుకునేదాన్ని కాదు. ఆఖరికి నాకన్నా వేగంగా చదివేది. "టీచరమ్మా, నాకిప్పుడు ఈ గదిలో అందరి పేర్లూ తెలుసు" అని సీసాలకేసి చూపించేది. ఆ రోజు ఆ పై అర సీసా చూసింది, ఖాళీ అయిందనుకుంది, పేరు చదివింది, సరిగ్గా చదివింది, పెద్ద డబ్బాలోంచి తీసి సరిగ్గా నింపింది. బడిలో ఆ వారం తప్పు చెయ్యని మనిషి అదొక్కతే.

ముగ్గురం వాంగ్మూలం రాసిచ్చాం. ప్రయోగాల కోసం ఉంచిన చక్కెర సీసాలో అటెండరు చదువు రాక యాసిడ్ పోసిందనీ, టీ కాచుకోవడం అదే మొదటిసారనీ. లెక్కలు చెప్పింది, నేను రాశాను. "చదువు రాని మనిషి" అని రాసింది నా చెయ్యే.

ఆవిడ ఒప్పుకోలేదు. "లేబుల్ మీద ఆక్సాలిక్ అనే ఉంది టీచరమ్మా, నేను కూడబలుక్కుని మరీ చదివాను" అని నా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది. నేను సీసా తెచ్చి ఎదురుగా పెట్టాను. "చదువు" అన్నాను. "చ" అంది. "క్కె" అంది. "ర" అంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఎనిమిది నెలలు జైల్లో ఉంది. ఆ తరవాత ఎక్కడుందో నేను వెతకలేదు. డ్రిల్లు పోయి ఆరేళ్ళయింది. ఈ ఉత్తరం రాయనా అని లెక్కలును అడిగాను. "మనవరాలి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, ఇప్పుడెందుకే, నీకేమైనా పట్టిందా?" అంది. ఆ బడి ల్యాబ్ గుమ్మం మీద ఇవాళ నా పేరుంది. ఇత్తడి అక్షరాలు.

ఇవీ నీ ఇరవై నిమిషాలు. కార్డు రాసుకో.


ఇల్లు, వంటగది బల్ల
మే 3

అమ్మమ్మా,

ఆఫీసులో రాయలేక ఇంట్లో రాస్తున్నాను.

నేను కూడా ఒకటి దాచాను. సీసా ఎవరు నింపారని నిన్ను అడిగేనాటికే నాకు తెలుసు. షూటింగ్‌కు చోటు చూసే వంకతో మార్చిలోనే మీ బడికి వెళ్ళాను. పాత గుమాస్తా ఒకాయన నీ పేరు చెప్పగానే కూర్చోబెట్టి మర్యాద చేశాడు. "ఆ అటెండరు వల్ల టీచరుగారు ఎంత బాధపడ్డారో" అన్నాడు. అడ్రసు కూడా ఆయనే వెతికిచ్చాడు. వెళ్ళాను. నీ నోటితో చెబుతావేమోనని ఏమీ తెలియనట్టు రాశాను. నాకే అసహ్యంగా ఉంది.

ఆవిడ బతికే ఉంది. డెబ్భై ఒకటి. కూతురితో ఉంటుంది, బట్టలు ఇస్త్రీ చేసే కొట్టు పైన రెండు గదులు. పాత బడి మీద సీరియల్ తీస్తున్నామని చెప్పాను, నీ మనవరాలినని చెప్పలేదు. "ఆ చిన్న టీచరమ్మని చంపింది నేనేనమ్మా, చదువు రానిదాన్ని చదవబోయి" అంది. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. తరవాత ఏదీ చదవలేదట. బస్సు మీద నంబరు కూడా. ఇంట్లో వంట ఏదైనా సరే, తను ముందు తిని, ఒక గంట ఆగి, తనకేం కాలేదని చూసుకుని అప్పుడు కూతురికి పెడుతుంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వేడన్నం తినలేదు.

సీరియల్ ఆపాలని చూశాను. అప్పటికే ఆరు భాగాల షూటింగ్ అయిపోయింది. డ్రాయింగును మంచిదాన్ని చేయమంటే, వేసే నటి "అప్పుడు నాకింక చెయ్యడానికేముంది?" అని అడిగింది. ఆఖరి భాగం నా చేతిలోనే ఉంది. అందులో అటెండరు నిర్దోషి అని చూపిస్తాను. ఆవిడ చూస్తుంది. అది చాలదా?

నేను


వెనక గది
మే 11

చిరంజీవికి,

దాచి, అడిగి, రాబట్టావు. ఈ విద్య నేను నేర్పకుండానే వచ్చింది నీకు. రక్తం నాదే కదా, ఎక్కడికి పోతుంది? తిట్టను. తిట్టే అర్హత లేదని కాదు, ఓపిక లేదు.

చాలదు. తెరమీద ఎవరో అందగత్తె ఎవరో ఇంకో అందగత్తెకు చెప్పే నిజం ఆవిడకెందుకు? బాగుందమ్మా కథ అనుకుని టీవీ కట్టేస్తుంది. తన గురించేనని ఆవిడకెవరు చెబుతారు? నా పేరు ఉండాలి. ఏ చేతితో రాశానో ఆ చేతితోనే ఉండాలి. అడ్రసు పంపు, ఆవిడకు నేనే ఉత్తరం రాస్తాను. బడికీ, పోలీసులకూ ఒక్కో నకలు పంపుతున్నాను. లెక్కలు నాతో మాట్లాడదు. హాజరు పట్టీలో ఒక పేరు తగ్గింది.

అమ్మమ్మ


వెనక గది
మే 20

అమ్మా,

నేను కెమిస్ట్రీ టీచరును. నువ్వు చదవవని తెలిసింది, ఇది నీ కూతురు చదివి వినిపిస్తుందని రాస్తున్నాను.

ఆ సీసా మీద ఆ రోజు "ఆక్సాలిక్ యాసిడ్" అనే ఉంది. నువ్వు సరిగ్గా చదివావు. లోపల చక్కెర పోసి ఆ పేరు అంటించింది నేను. నువ్వు నింపాక, ఆ పిల్ల తాగాక, ఆ లేబుల్ ఊడదీసి "చక్కెర" అని అంటించిందీ నేనే. నీకు చూపించింది ఆ రెండోది. నీకు చదువు రాదని రాసిచ్చాను. వస్తుందని నాకు తెలుసు, నేర్పింది నేనే కనక.

ఆ పిల్లను నువ్వు చంపలేదు. ఇదంతా బడికీ, పోలీసులకూ రాసి పంపాను, ఎక్కడ ఎవరిముందు చెప్పమన్నా చెబుతాను. క్షమించమని అడగను. రమ్మంటే వస్తాను.


ఇస్త్రీ కొట్టు పైన
జూన్ 15

టీచరుగారికి,

మీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి మళ్ళీ చదవమంది. రెండోసారి "సరిగ్గా చదివావు" అన్న ముక్క ఒక్కటే మళ్ళీ చదవమంది. మూడోసారి నన్ను బయటికి వెళ్ళమంది.

నాకు మాత్రం మీతో చెప్పాల్సింది ఉంది. నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ జైలునుంచి వచ్చింది. వచ్చిన వారానికి నన్ను బడి మాన్పించింది. "అరకొర చదువు మనుషుల్ని చంపుతుంది, మనకొద్దు" అంది. క్లాసులో నేను ఫస్టు. ఈ ఉత్తరం నేను ఎంత కష్టపడి రాస్తున్నానో మీకు అక్షరాలు చూస్తే తెలుస్తుంది. దిద్దకండి.

మీరు రావద్దంది అమ్మ. తిట్టలేదు. నేనే తిట్టమన్నాను, తిట్టలేదు. మీరు మీ స్కూల్‌కు రాసింది వాళ్ళు అచ్చు వేసి గోడకు పెడతారా అని అడగమంది. ఇంకొకటి అడగమంది. అమ్మ అన్న మాటలే రాస్తున్నాను.

"ఆ కొత్త లేబుల్ మీద అక్షరాలు ఎంతో కుదురుగా ఉన్నాయి. ఒక్క వంకర లేదు. అవి చూసే నేను నా కళ్ళను నమ్మలేదు, తప్పు చేసిన చెయ్యి అంత కుదురుగా రాయదనుకున్నాను. అది రాసేటప్పుడు టీచరమ్మ చెయ్యి వణికిందా? అది చెప్పమను చాలు."

జవాబు రాయండి.


వెనక గది
ఆగస్టు 2

చిరంజీవికి,

నీ సీరియల్ ఇప్పటిదాకా వచ్చిన నాలుగు వారాలూ చూశాను. అందరూ చాలా అందంగా ఉన్నారు. ప్రయోగశాల కూడా. గ్లాసులు కడిగే సీను బాగా వచ్చింది, పక్కింటావిడ "ఎంత తెలివైన ఆడవాళ్ళో" అని మెచ్చుకుంది. పెద్దాయన రెండో సీరియల్ కూడా నీకే ఇచ్చాడని మీ అమ్మ చెప్పింది. మంచిది. ఆ గదిలో ఇక ఆడపిల్లలు నోరు తెరవగలరు.

బడివాళ్ళు జవాబిచ్చారు. ఎంతో మర్యాదగా ఉంది. పెద్ద వయసులో పాత సంగతులు తలచుకుని మనసు పాడు చేసుకోవద్దట, నా సేవలు మరువరానివట. ఇత్తడి అక్షరాలు తియ్యరట. నా ఉత్తరం గోడకు పెట్టరట. పోలీసులకు ఆ కాగితాలు దొరకలేదు. నిజం చెబుతానని బయలుదేరాను, తీసుకునేవాళ్ళు లేరు. ఆ తల్లీకూతుళ్ళు తప్ప.

ఆ కూతురికి జవాబు రాయడానికి ఆరు వారాలు పట్టింది. ఒక్క ప్రశ్న, ఒక్క మాట జవాబు. మూడు కాగితాలు చించాను. మూడింటిలోనూ వణికిందనే రాశాను. అలా రాస్తే ఆవిడకు కాస్త ఊరట, నాకు ఇంకాస్త. ఆ వణుకు ఎలా ఉండేదో కూడా రాశాను, కలం జారడం, "క్కె" దగ్గర సిరా చెదరడం. చదువుతుంటే నాకే నమ్మబుద్ధి వేసింది. అచ్చం ఆ వాంగ్మూలంలాగే.

నిన్న నాలుగో కాగితం రాసి పోస్టు చేశాను.

వణకలేదు.

అమ్మమ్మ